తెల్లబండకు తోడునడక

ఏనుగులూ గాడిదలూ ఒకే లోయను ఏలుకున్నాయంటే మీకు వెంటనే ఏ దేశమో గుర్తొస్తుంది. రానివ్వండి. నేను చెప్పేది జంతువుల సంగతే. మనుషులెవరికైనా తగిలితే ఆ తప్పు నాది కాదు.

అమెరికాలో పడమటి వైపు, వాన కోసం ఏడాది పొడుగునా మొహం పైకెత్తి చూసే ఎండుసీమలో ఉంది ఆ లోయ. గాడిదల ముత్తాతలు వెండి గనుల్లో రాళ్ళు మోశారు. గనులు మూతపడ్డాక ఎవరికీ అక్కర్లేక ఇటు నడిచొచ్చారు. ఏనుగుల ముత్తాతలు సర్కస్‌లో స్టూళ్ళెక్కి దండాలు పెట్టారు. ఆ సర్కస్ దివాలా తీస్తే గొలుసులు తెంపుకుని ఇటే వచ్చారు. ఇద్దరూ మనిషికి చాకిరీ చేసి విసిగినవాళ్ళే. ఆ ఒక్క విషయం వదిలేస్తే ఇద్దరికీ ఎందులోనూ పడదు. గడ్డి ఎవరు మేయాలి, నీడ ఎవరిది, వాగులో ముందు ఎవరు దిగాలి, అన్నీ తగువులే.

అందుకని నాలుగు వానాకాలాలకోసారి లోయకు పెద్దను ఎన్నుకునేవారు. ఏనుగు పెద్ద కావాలనుకున్నవాళ్ళు వాగుకు ఈ గట్టున, గాడిద పెద్ద కావాలనుకున్నవాళ్ళు ఆ గట్టున నిలబడాలి. జింకలు, కుందేళ్ళు, కౌజు పిట్టలు, అందరికీ ఆ హక్కుంది. గెలిచినవాళ్ళు పోయి లోయ మధ్యలో ఉన్న తెల్లబండ ఎక్కుతారు.

ఎవరు మొదలుపెట్టారో గానీ, రెండు మందల మధ్యా వియ్యాలవారి వరస నడిచేది. అవతలి మందలో పెద్దవాళ్ళను మావా, అత్తా అనీ, ఈడువాళ్ళను బావా, వదినా అనీ పిలుచుకునేవారు. ఆ వరసలున్నాక వేళాకోళానికి కొదవేముంది? పోటీ రోజుల్లో గాడిదల చెవుల మీద ఏనుగులు పాటలు కట్టేవి. ఏనుగు తోక చూసి, ఇంత ఇంటికి ఇంత చిన్న తాళమా అని గాడిదలు పొట్ట పట్టుకు నవ్వేవి. పెద్ద ఎవరో తేలిన మర్నాటికి అంతా సద్దుమణిగేది. ఎందుకంటే ఆ మర్నాడు తోడునడక.

ఓడిన పెద్ద, గెలిచిన పెద్దను వెంటబెట్టుకుని మోడుచెట్టు దగ్గర్నుంచి తెల్లబండ దాకా పక్కపక్కనే నడవాలి. ఇద్దరే. మూడో ప్రాణి ఉండకూడదు. లోయలో ఎంత గొడవ జరిగిన ఏడైనా ఆ నడక మాత్రం తప్పలేదు. ఒకసారి ఒక ఏనుగు, తన మందలో ఎవడో ఒకడు గాడిద పెద్దను దొంగ అంటే నలుగురిలో ఆపేసి, "కాదురా, అతను మంచి సంసారి. నాకూ అతనికీ మేత దగ్గర తగువు, అంతే" అన్నాడట. ఇంకోసారి గాడిద పెద్ద పిల్ల వరదలో పోతే, ఏనుగుల మంద మొత్తం వచ్చి ఆ వాగు గట్టున పొద్దు గుంకేదాకా నోరెత్తకుండా నిలబడిందట. ఆ కథలు చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు ఉండేవారు. వాళ్ళంతా చచ్చిపోయారు, అది వేరే సంగతి.

కొండమ్మ అనే ఏనుగు పెద్దరికానికి వచ్చిన రోజు ఆమెకు నిన్నటిలాగే ఉంది. అప్పుడు ఓడింది లచ్చుమప్ప అనే ముసలి గాడిద. పోటీ పొడుగునా అతని చెవులను ఆమె ఎంత ఏడిపించాలో అంతా ఏడిపించింది. అతను మాత్రం ఊరుకున్నాడా, కొండమ్మ నడిస్తే గూళ్ళలో ఉడతలు రాలిపడుతున్నాయని ప్రతి గుట్టా ఎక్కి చెప్పాడు. తీరా ఓడిన మర్నాడు తెల్లారేసరికి ఒంటరిగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"పద కోడలా, బండ దాకా దిగబెడతాను."

"మావా, ఆ చెవుల పాట..."

"బాగుంది. రెండో చరణం మావాళ్ళు కూడా పాడుకుంటున్నారు. నడువు."

ఆమె అడుగు చిన్నది చేసింది, అతను అడుగు పెద్దది చేశాడు. సగం దారిలో అతను పక్కకు తిరిగి, కొండ చీలినట్టున్న ఒక ఇరుకు సందు దగ్గర ఆగాడు. సందు మొదట్లో పెద్ద బండరాయి అడ్డంగా ఉంది.

"వాగు ఎండిన ఏడు ఇక్కడికి రావాలి," అన్నాడు. "ఈ రాయి వరద దొర్లించుకొచ్చింది. దీన్ని మీవాళ్ళే లాగాలి, మావల్ల కాదు. లోపల మలుపు దాటాక ఇసుక కింద ఊట ఉంది. అక్కడికి మీవాళ్ళు పట్టరు, మావాళ్ళే పోయి తవ్వాలి. తవ్వితే నీళ్ళు ఇదిగో, ఈ గుంటలోకి వచ్చి నిలుస్తాయి. అందరం తాగొచ్చు. నేనూ చూళ్ళేదు, నాకు చెప్పినవాళ్ళూ చూళ్ళేదు. వాళ్ళ తాతల నాటి కరువులో తాగారట."

"ఇంత మాట అందరికీ చెప్పేస్తే పోలా మావా?"

"చెప్తే రాయి మాది అని ఏనుగులంటాయి, ఊట మాది అని గాడిదలంటాయి. అదే ఓడినవాడు గెలిచినవాడికి చెప్పాడనుకో, ఆ పూట ఇద్దరికీ గర్వం ఉండదు."

"ఓడినవాడికి ఉండదు సరే. గెలిచినదాన్ని, నాకెందుకుండదు?"

లచ్చుమప్ప తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. "నా మొహం చూశాక కూడా ఉందా?" అన్నాడు.

లేదు. కొండమ్మకు ఆ క్షణాన నిజంగానే లేదు.

ఆమె పెద్దరికం ఉన్నన్నాళ్ళూ వానలు కురిశాయి. సందుతో పని పడలేదు. లచ్చుమప్ప పోయాడు. ఆమె వెళ్ళి అతని మీద పచ్చి కొమ్మలు కప్పి వచ్చింది. రాయి సంగతి, ఊట సంగతి తెలిసిన ప్రాణి లోయలో ఇక ఆమె ఒక్కతే.

ఆ తర్వాత వచ్చిన పోటీలో వరసలు పోయాయి. ఎలా పోయాయని నన్నడక్కండి, ఏ పోటీలోనైనా అవి ఒక్కరోజులో పోవు. ముందు వేళాకోళంలో నవ్వు పోయింది. తర్వాత వేళాకోళమే పోయి తిట్టు మిగిలింది. గాడిదల తరఫున నిలబడ్డ సన్నప్ప కుర్రవాడు, మాటకారి, మొండివాడు. "ఆ ముసలిదాని పెద్దరికంలో లోయకు దక్కింది పేడ ఒక్కటే" అన్నాడు. అత్తా అనలేదు. కొండమ్మ మేనల్లుడు భీమరాజు, దంతాలు మొలిచిన దగ్గర్నుంచీ తగువు కోసం వెతుక్కునే రకం, "బరువులు మోసేవాళ్ళు బండెక్కుతారా?" అన్నాడు. బావా అనలేదు. కొండమ్మ విన్నది. వాణ్ణి ఆపొచ్చు. ఆపితే పోటీ రోజుల్లో మంద చల్లబడుతుందని ఊరుకుంది.

అయినా ఓడింది. కౌజు పిట్టల గుంపొకటి చివర్లో ఆ గట్టున వాలింది. తేడా అంతే.

"రెండుసార్లు నిలబడ్డాయి!" భీమరాజు ఒంటికాలి మీద లేచాడు. "ఇటు వాలి, ఎగిరి, మళ్ళీ అటు వాలాయి. ఇది మోసం!"

"నేను చూస్తూనే ఉన్నాన్రా. ఒక్కసారే వాలాయి. ఓడాం," అంది కొండమ్మ.

ఇక్కడ నక్క వస్తుంది. పేరు మన్నారు. నక్క లేకుండా కథ నడవదని కాదు, ఇద్దరు మాట్లాడుకోని చోట మధ్యలో ఎవడో ఒకడు బతకాలిగా, అందుకు వస్తుంది. బతికున్న ఏనుగు నక్కకు కొండతో సమానం, కొరకలేడు. చచ్చిన ఏనుగు మాత్రం ఏడాది తిండి. మంచిగా ఉన్న లోయలో మన్నారు ఎప్పుడూ పస్తే.

"తల్లీ, రేపు తోడునడకకు వెళ్తున్నారా?" అన్నాడు ఆ సాయంత్రం, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఎంతో వినయంగా.

"వెళ్ళకేం?"

"మీ పెద్దమనసు. అందుకే చెప్పాలా వద్దా అని... పోనీలెండి."

"సగం మింగి సగం కక్కకు. చెప్పు."

"సన్నప్ప ఒంటరిగా రాడట తల్లీ. మందనంతా తోలుకొచ్చి, దారి పొడుగునా మీ వెనకాల ఓండ్ర పెట్టించి, నవ్వులపాలు చేస్తాడట. అబద్ధమే అయ్యుంటుంది. రేపు మీ కళ్ళతో మీరే చూస్తారుగా."

ఇదే మన్నారు అప్పటికే సన్నప్ప దగ్గరికి పోయి వచ్చాడు. "దొరా, ముసలిది కడుపుమంట మీదుంది. ఇద్దరే నడవాలంటారు చూడండి, ఏ మలుపులోనో సందులోనో మిమ్మల్ని తొక్కేస్తే అడిగేదెవరు? ఒంటరిగా మాత్రం వెళ్ళకండి," అని చెప్పాడు. అంటే ఒకరికి ఒక భయం చెప్పాడు, ఆ భయంతో వాళ్ళు చేయబోయే పని ఇంకొకరికి చెప్పాడు. రెండో మాటలో, మందతో వస్తాడన్నంత వరకు అబద్ధమే లేదు. అదీ వాడి పనితనం. కొండమ్మకు ఇది చాలా ఆలస్యంగా అర్థమైంది, మీకు ముందే చెప్పేస్తున్నాను.

మర్నాడు కొండమ్మ బయల్దేరింది. భీమరాజు దారికి అడ్డం నిలబడ్డాడు.

"వెళ్తే ఓడినట్టు ఒప్పుకున్నట్టే అత్తా!"

"ఓడాం గదరా. ఒప్పుకోడానికేముంది? తప్పుకో."

వాడు తప్పుకున్నాడు గానీ, మందను వెంటేసుకుని దూరంగా వెనకాలే వచ్చాడు. మోడుచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా దుమ్ము లేచింది. సన్నప్ప వస్తున్నాడు. వెనక గాడిదల మంద మొత్తం.

"ఒంటరిగా రావాలని నీకెవరూ చెప్పలేదా?" అంది కొండమ్మ.

"మా జాగ్రత్త మేం చూసుకోవాలి గదా," అన్నాడు సన్నప్ప.

"నావల్లనా నీకు జాగ్రత్త?"

సన్నప్ప వెనక మంద వైపు చూశాడు. అతని ముందుకాళ్ళు వణుకుతున్నాయి. కొండమ్మ అది చూసింది. పొగరుతో వచ్చినవాడికి కాళ్ళు వణకవని ఆమెకు తెలుసు. ఇంకొక్క నిమిషం ఆగి, ఏంటి అల్లుడూ, ఎవరేం చెప్పారు నీకు, అని అడిగి ఉంటే ఈ కథ లేదు. ఆ నిమిషంలోనే వెనక ఎవరో గాడిద బెదిరి ఓండ్ర పెట్టింది. ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకున్నాయి. ఇవతల భీమరాజు ఘీంకరించాడు. కొండమ్మ చెవుల్లో నక్క మాట గింగురుమంది.

"బండ అదిగో. కళ్ళున్నాయిగా, నువ్వే పోయి ఎక్కు," అని వెనక్కి తిరిగింది.

ఆ రోజు రెండు మందల్లోనూ పండగే. మా పెద్ద తల వంచలేదని ఏనుగులు గంతులేశాయి. ముసలిదాన్ని తరిమేశామని గాడిదలు గంతులేశాయి. కొండమ్మను మందలో అందరూ ఎన్నడూ లేనంతగా పొగిడారు. ఆ పొగడ్త తీయగా ఉంది, నేను దాచను. రాయి సంగతి చెప్పలేదే అన్నది ఆమెకు ఆ రాత్రి గుర్తొచ్చింది. వానలు పడుతున్నాయిగా, తర్వాత చూద్దాం అనుకుంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పై ఏడు మబ్బు కూడా పట్టలేదు. వాగు పాయలై, పాయలు మడుగులై, మడుగులు బురదయ్యాయి. బురద కోసం రెండు మందలూ కొట్టుకున్నాయి.

కొండమ్మ ఎదురుచూసింది. సన్నప్ప వస్తాడు. అత్తా అంటాడు. అంటే చాలు, నడుచుకుంటూ పోయి చూపించేస్తుంది. రోజూ ఇదే అనుకునేది. ఉండబట్టలేక ఒకసారి మన్నారుతోనే కబురంపింది, రెండు మందల్లోకీ రానిచ్చేది వాడొక్కణ్ణేగా మరి.

"చెప్పాల్సిన మాటుంది, ఒక్కసారి రమ్మను."

మన్నారు వెళ్ళి, "బండ దిగిపొమ్మంటోంది దొరా" అని చెప్పాడు. తిరిగొచ్చి, "ఓడినవాళ్ళతో మాటలేంటి అన్నాడు తల్లీ" అని చెప్పాడు. కొండమ్మకు ఒళ్ళు మండింది. అయితే వాడి ఖర్మ, అనుకుంది.

అప్పుడే సన్నప్ప పిల్ల పోయింది. ఇంకా పాలు మరవని పిల్ల. ఆ కబురు ఏనుగుల మందకు వచ్చినప్పుడు ఎవరో, "ఒక నోరు తగ్గింది," అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టనూ లేదు. పాతరోజుల్లోలా వెళ్ళి నిలబడదామని కొండమ్మకు అనిపించింది. లేవబోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. మళ్ళీ కూర్చుంది.

ఆమెకొక మనవరాలుంది, వానమ్మ. వాన కురిసిన పూట పుట్టిందని ఆ పేరు. లోయలో అందరి కంటే అల్లరిది. ఒకరోజు ఎండ ఎక్కుతుండగా వానమ్మ కాళ్ళు మడుచుకుని కూలబడి మళ్ళీ లేవలేదు. తొండం ఎండిన తీగలా నేల మీద పడేసి, "నాయనమ్మా, నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అంది.

పరాయి పిల్ల పోయినప్పుడు లేవని కాళ్ళు అప్పుడు లేచాయి. కొండమ్మ ఎవరితోనూ చెప్పకుండా నేరుగా తెల్లబండ దగ్గరికి నడిచింది. కావలి గాడిదలు అడ్డం వచ్చాయి. సన్నప్ప బండ మీద నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, అంటే గాడిద సగమయ్యాడు.

"అల్లుడూ," అంది కొండమ్మ. "నడుద్దాం పద. ఆ రోజు చెప్పాల్సింది ఇవాళ చెప్తాను. నీళ్ళున్నాయి."

"ఎక్కడ?"

ఆమె చెప్పింది. రాయి సంగతి, సందు సంగతి, మలుపు దాటాక ఊట సంగతి, గుంటలోకి నీళ్ళు రావడం. చెప్తుంటేనే తన మాటలు తన చెవికే ఎలా వినిపిస్తున్నాయో ఆమెకు తెలుస్తోంది.

సన్నప్ప అంతా విన్నాడు. "అంటే," అన్నాడు మెల్లగా, "మేమంతా ఒక ఇరుకు సందులోకి దూరాలి. మీరంతా బండరాయి పట్టుకుని దాని మూతి దగ్గర నిలబడతారు. అంతేనా?"

"అబద్ధం కాదయ్యా. లచ్చుమప్ప మావ చూపించాడు నాకు."

"లచ్చుమప్ప పోయాడు. నువ్వు తప్ప ఇంకెవరు చెప్తారు సాక్ష్యం? ఇన్నాళ్ళూ చెప్పనిది ఇవాళెందుకు చెప్తున్నావు?"

"నా మనవరాలు..." అని ఆగిపోయింది కొండమ్మ.

"అదీ! నీ మనవరాలు పడిపోయింది, అందుకని వచ్చావు. నా పిల్ల పోయిన రోజు మీ వైపు నుంచి ఒక్కరు రాలేదు. ఒక్కరు! నేను చూస్తూ నిలబడ్డాను ఈ బండ మీద. ఎవరైనా వస్తారేమోనని." అతను మొహం అటు తిప్పుకున్నాడు. "పో ఇక్కణ్ణించి."

కొండమ్మ తల దించుకుని తిరిగొచ్చి, తన మందను అడిగింది. "రండ్రా, రాయి లాగుదాం."

"లాగితే లోపలికి పోయేదెవరు?" అన్నాడు భీమరాజు. "గాడిదలేగా? వాళ్ళు లోపలే కూర్చుని తాగి, మనకు చుక్క వదలకపోతే? ఏం చూసుకుని నమ్మాలి అత్తా? వాళ్ళ కోసం మన వెన్నులు విరగ్గొట్టుకోవాలా?"

అక్కడ సన్నప్ప, ఇక్కడ భీమరాజు. ఇద్దరూ ఒకే మాట. లోయలో ఇన్నేళ్ళకు ఏనుగులకూ గాడిదలకూ ఒక విషయంలో మాట కలిసింది చూడండి!

కొండమ్మ ఒక్కతే వెళ్ళింది. నుదురు రాయికి ఆనించి తోసింది. రాయి కదల్లేదు. తొండం చుట్టి లాగింది, చర్మం చీరుకుపోయింది. మళ్ళీ తోసింది. రాయి మెసిలింది. అంతలో మంద ఉన్న వైపు నుంచి ఏడుపు వినిపించింది. ఏనుగులు అలా ఏడ్చేది ఒక్కదానికే. ఆమె ఆగి విన్నది.

వానమ్మ పోయింది. ఇంక ఈ రాయి ఎవరి కోసం?

మోకాళ్ళ మీద కాసేపు ఉండిపోయింది. బండ మీద నిలబడి ఎదురుచూశానన్న సన్నప్ప మాట గుర్తొచ్చింది. ఆ రోజు లేచి వెళ్ళి అతని పక్కన నిలబడి ఉంటే, ఈ రాయి దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉండేవారో తలచుకుంది. తర్వాత లేచి, రక్తం కారుతున్న నుదుటిని మళ్ళీ రాయికి ఆనించింది. పొద్దు వాలేసరికి గాడిద దూరేంత సందు పడింది. కొండమ్మ ఆ పక్కనే కూలబడింది. గుండె లోపల ఏదో తెగిపోయినట్టు ఆమెకు తెలిసింది.

ముందు వచ్చింది మన్నారు. డొక్కలు అంటుకుపోయి, నాలుక వేలాడేసుకుని. మొదట్లో చచ్చినవాటి నెత్తురే వాడి దాహానికి సరిపోయింది. ఇప్పుడు చచ్చేవాటిలో నెత్తురు కూడా మిగలడం లేదు.

"తల్లీ, నీళ్ళ వాసన వేస్తోంది. ఎక్కడ?"

కొండమ్మకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. "లోపలికి పో. మలుపు దాటాక ఇసుక తవ్వు. నీ ఒక్కడికి సరిపడా నీ గోళ్ళకే అందుతాయి."

మన్నారు చీకటిగా ఉన్న సందును చూశాడు, రాయిని చూశాడు, రాయి పక్కనే పడున్న ఏనుగును చూశాడు. పళ్ళు బయటపెట్టాడు.

"నేను దూరగానే రాయి వెనక్కి తోస్తావు. నేనే నీ చోట ఉంటే అదే చేస్తాను. నా దగ్గరా నీ ఎత్తులు?" అని, నీళ్ళు వెతుక్కుంటూ కొండ అవతలికి పోయాడు. అటు మైళ్ళ కొద్దీ ఉప్పునేల. వాడు మళ్ళీ కనపడలేదు.

తర్వాత సన్నప్ప వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పగలంతా రాయి మెసిలిన చప్పుడు బండ మీదికి వినిపించిందట. ఒక ముసలి ఏనుగు, సొంత మనవరాలు పోయిన ఏడుపు విని కూడా ఎందుకు తోస్తోందో అతనికి అంతుపట్టలేదు. ఎర అయితే ఇంత రక్తం ఎందుకు? సందు ముందు చాలాసేపు నిలబడి, ఆమె మొహం చూశాడు. లోపలికి వెళ్ళాడు.

డెక్కలు ఇసుకలో ఆడిన చప్పుడు కొండమ్మ విన్నది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత సన్నగా, రాళ్ళ మధ్య ఏదో జారుతున్న చప్పుడు. గుంటలోకి ముందు తడి వచ్చింది, తర్వాత నీళ్ళొచ్చాయి. ఆమె తొండం కొస ఆ గుంటలోనే ఉంది.

సన్నప్ప చెవుల నిండా ఇసుకతో బయటికి పరిగెత్తుకొచ్చాడు. "అత్తా! వచ్చాయి అత్తా! తాగు!" అన్నాడు. పోటీకి నిలబడ్డాక ఆ మాట అనడం అదే మొదలు. మూడుసార్లు పిలిచాడు. కొండమ్మ కదల్లేదు.

ఆ నీళ్ళతో లోయ బతికింది. మిగిలినవాళ్ళు బతికారు అనాలి. వారం తిరక్కుండానే భీమరాజు గుంట గట్టున నిలబడి, "రాయి తోసింది మా అత్త. నీళ్ళు మావి," అన్నాడు. గాడిదలు, "తవ్వింది మా పెద్ద. నీళ్ళు మావి," అన్నాయి. కొండమ్మ ఎవరి కోసం తోసిందో ఎవరూ అడగలేదు. గుంటకు ఇవతల ఒక కావలి, అవతల ఒక కావలి. ఇప్పటికీ అలాగే తాగుతున్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

సన్నప్ప మాత్రం కొండమ్మ పోయిన మర్నాడు మోడుచెట్టు దగ్గరికి పోయాడు. అక్కణ్ణించి తెల్లబండ దాకా నడిచాడు, పక్కన ఒక ఏనుగు పట్టేంత దారి వదిలిపెట్టి, ఒక్కడే. దారి పొడుగునా రెండు మందలూ చూసి నవ్వాయి.

నీతి: అవసరం లేని రోజుల్లో ఎదుటి పక్షానికి ఇచ్చిన మర్యాదే, ప్రాణాల మీదికి వచ్చిన రోజున మన మాటను నమ్మిస్తుంది.